వరుస తప్పనివ్వని మనిషి

ఆమె పోయిందని తెలిసినప్పుడు నేను ముందుగా తలచుకున్నది ఆమెను కాదు, ఆమె మనవరాలిని. ఇంట్లో పెద్దమనిషి పోతే ఏడాది తిరగకముందే ఆడపిల్ల పెళ్లి చేయాలని, లేకపోతే మూడేళ్లు ఆగాలని మా వైపు ఒక పట్టింపు ఉంది. ఆ పిల్లను ఎవరికివ్వాలో ఆమె పోయే ముందే తేల్చింది. ఇవ్వకూడని చోట తేల్చింది. ఆ సంగతి నాకు తెలుసు. ఆమెకూ తెలుసు, కానీ ఆమె ఒప్పుకోలేదు.

ఇది రాయమన్నది ఆమె కోడలు. పేర్లు మాత్రం వద్దన్నది. అది కష్టమేమీ కాదు. ఆమె లోకంలో మనుషులకు పేర్లు తక్కువ, వరుసలు ఎక్కువ.

బోధన్‌లో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. నేను ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆమెకు పొలం, చెరుకు, ఇద్దరు పిల్లలు. నాకన్నా ఆరేళ్లు పెద్దదాన్నని చెప్పుకునేది. ఆమె తమ్ముడూ నేనూ బడిలో ఒకే తరగతి. తమ్ముడికి తాను మూడేళ్లు పెద్ద అని ఇంకోసారి ఆమే అన్నది. రెండూ పొసగవని చెబితే, "పెద్దదాన్నంటే పెద్దదాన్నే. నీ కూడికలు నా మీద పెట్టకు టీచరమ్మా" అనేది.

బస్టాండులో పక్కన కొత్తమనిషి కూర్చుంటే ముందు ఊరు అడిగేది. తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత తల్లిగారి ఊరు. అడుగుతున్నంతసేపూ ఆమె బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద జరుగుతూ ఉండేది. వేలు ఆగిందంటే వరుస దొరికినట్టే.

"అయితె నువ్వు నాకు కొడుకు వరుసైతవ్ రా. లే, ఆ సంచి బస్సెక్కియ్యి."

అతను లేచి సంచి ఎక్కించేవాడు. కండక్టరు టికెట్టు అడిగితే, "అత్తను టికెట్ అడుగుతవా అల్లుడా, సిగ్గు లేదా?" అనేది. బస్సంతా నవ్వేది. అతను, "అత్తలందరికి ఫ్రీ అయితె నా నౌకరి పోతదత్తా" అనేవాడు. నవ్వు ఆగాక కొంగు ముడి విప్పి టికెట్టు తీసుకునేది.

పెళ్లి సంబంధం ఏదైనా మా చుట్టుపక్కల ఒకసారి ఆమె చెవిన పడాల్సిందే. నవీపేట్ దగ్గర ఒక ఊళ్లో నిశ్చితార్థానికి ఇద్దరం కలిసి వెళ్లాం. తాంబూలాలు పళ్లెంలో పెట్టారు. పిల్ల తరఫు ముసలాయన తన తల్లి పుట్టిల్లు ఎక్కడో మాటల్లో చెప్పాడు. ఈమె బొటనవేలు జరగడం మొదలుపెట్టింది. కాసేపటికి లేచి నిలబడి, "తీయుండ్రి పళ్లెం" అన్నది. పిల్లవాడి తాతను చిన్నతనంలో పిల్ల వాళ్లింట్లో దత్తత తీసుకున్నారట. ఆ లెక్కన ఇద్దరూ అన్నాచెల్లెళ్ల వరుస.

పెళ్లికొడుకు తండ్రి బతిమాలాడు. "దత్తతనే గదమ్మా. రక్తం ఎక్కడ కలిసింది?"

"రక్తం డాక్టర్లు సూస్తరు. వరుస మనుషులు సూస్తరు" అన్నది.

ఆ సంబంధం ఆగిపోయింది. తిరుగు బస్సులో ఆడవాళ్లందరూ ఆమెను పొగిడారు. నేనూ పొగిడాను. ఆమె మాట మీద నిలబడే మనిషి. అన్నాళ్లూ అది మంచి గుణమనే అనుకున్నాను.

ఆమె కూతుర్ని నిజామాబాద్‌లో ఇచ్చారు. అల్లుడికి హార్డ్‌వేర్ దుకాణం, నెమ్మదైన మనిషి. పదకొండేళ్లు పిల్లలు లేరు. మొక్కులు, తాయెత్తులు, నాటుమందులు, ఖలీల్‌వాడి డాక్టర్లు, అన్నీ అయ్యాయి. ఏ పేరంటానికి పిలిచినా కూతురు రావడం మానేసింది. అంతకు ముందు ఒకసారి ఇక్కడే ఒక ఇంట్లో ఒడిబియ్యం పోస్తుంటే, బాలింతకు ఎదురు రావద్దని ఒక ముసలామె ఆ అమ్మాయిని పక్కకు జరిపింది. నేను చూశాను. తల్లీ చూసింది. ఇంటికొచ్చి ఒక చెరుకు గడ తీసుకుని పళ్లతో చీల్చడం మొదలుపెట్టింది. గడ మొత్తం అయ్యేదాకా నమిలింది, ఉమ్మింది. పెదవి తెగి రక్తం వచ్చింది. తుడుచుకుని, "ఈ మాట పడకుండ నా బిడ్డకు బిడ్డ కావాలె. ఎట్లనన్న సరే" అన్నది.

ఆ 'ఎట్లనన్న' ఆమె ఊరికే అనలేదు.

హైదరాబాదులో సంతానానికి వైద్యం చేసే ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఇంగ్లీషు కాగితాలు చదవడానికి నేనూ ఉండాలని నన్ను వెంటపెట్టుకుంది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి కూతురి అండాలు అయిపోయాయని చెప్పింది. వేరే ఆడమనిషి అండం తీసుకుని, భర్త బీజంతో బయట కలిపి, ఈమె గర్భంలో పెట్టవచ్చన్నది. అండం ఇచ్చేవాళ్లను తామే చూస్తామన్నది.

"ఏ ఊరిదో, ఏ ఇంటిదో, దానికి వరుస ఎట్ల కట్టాలె?" అని ఈమె అడిగింది.

డాక్టరమ్మకు ప్రశ్న అర్థం కాలేదు.

మరుసటి వారం తన కోడల్ని తీసుకొచ్చింది. కొడుకు భార్యను. అప్పటికి ఆ అమ్మాయికి ఒక మగపిల్లవాడు, ఏడాదిన్నర వాడు. ఆడబిడ్డకు తోడుగా హైదరాబాద్ పోతున్నదని కొడుక్కు చెప్పారు. అల్లుడు సంతకాలు పెట్టాడు కానీ అండం ఎవరిదని అడగలేదు. అడిగితే చెప్పాల్సి వస్తుందని ఆయనకు తెలిసినట్టే ఉంది. అప్పట్లో దీనికంటూ చట్టమేదీ లేదు. ఉన్నా ఆమె దాన్ని బస్టాండులో కూర్చోబెట్టి ఊరు అడిగేది.

డాక్టరమ్మ కోడలివైపు తిరిగి, "మీకు ఇష్టమేనా?" అన్నది.

"ఇష్టమే. ఎందుకిష్టం లేదు?" అని అత్త జవాబిచ్చింది.

"నేను ఆ అమ్మాయిని అడిగాను."

"దాని నోట్లె నాలుక నాదే డాక్టరమ్మా."

డాక్టరమ్మ ఆమెను బయటికి పంపింది. నేను కాగితాల కోసం లోపలే ఉన్నాను. మళ్లీ అదే ప్రశ్న. ఇరవై మూడేళ్ల ఆ పిల్ల తలుపువైపు చూసి, "మా అత్తమ్మ అడిగింది" అన్నది. ఇష్టమనలేదు, లేదనలేదు. డాక్టరమ్మ ఆ జవాబునే ఒప్పుకోలు కింద రాసుకుంది. ఇది వాళ్ల తప్పా, మా తప్పా అని నేను చాలాసార్లు ఆలోచించాను. మా ఇళ్లల్లో కోడలి దగ్గర ఇంతకన్నా పెద్ద జవాబు దొరకదని ఆమెకూ తెలిసే ఉంటుంది.

సూదులు పడక ఆ అమ్మాయి పొట్ట ఉబ్బింది. నిలబడలేకపోయింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. అత్త తన చీర మడిచి ఆ తలకింద పెట్టింది, నీళ్లు తాగించింది, దారి పొడుగునా కాళ్లు తన ఒడిలో పెట్టుకుంది. ఇదీ రాయాలి. ఆమెలో క్రూరత్వం లేదు. అనుమానమే లేదు. ఆ లేకపోవడమే నాకు ఇప్పటికీ భయం.

కామారెడ్డి దాటాక నేను మెల్లగా అన్నాను: "అక్కా, పుట్టేది నీ కోడలి బిడ్డ కూడా అవుతుంది కదా."

ఆమె నవ్వింది. "టీచరమ్మా, చెరుకెట్ల నాటుతరు?"

"గడను ముక్కలు చేసి."

"నా తోటకు ముక్కల్లేవు. నీ తోటల నుంచి తెచ్చి నాటిన. పంట ఎవ్వరిది?"

"నీదే. కానీ నా తోటలో ఏ రకమో నీ తోటలోనూ అదే రకం వస్తుంది కదా."

"రకం నీదే ఉండనియ్యి. పంట నాది. గంతే."

పక్క సీటులో కోడలు కళ్లు మూసుకునే ఉంది. నిద్రపోలేదని ఆమె రెప్పలు చెప్పాయి.

కూతురికి మగపిల్లవాడు పుట్టాడు. ఇరవై ఒకటో రోజు ఊరంతటికీ భోజనాలు పెట్టారు. ఒడిబియ్యం నాడు కూతుర్ని పక్కకు జరిపిన ముసలామెను ఈమె స్వయంగా చెయ్యి పట్టుకుని తొట్టెల దగ్గరికి తీసుకెళ్లి, "సూడవ్వా, నా బిడ్డ కన్నది" అన్నది. ఆ ఒక్క మాట కోసమే ఆమె అంత దూరం పోయింది. ఆ రోజు కూతురి ముఖం చూసినవాళ్లెవరూ అది తప్పని అనలేరు. నేనూ అనలేను.

రెండేళ్లు దాటాక కోడలికి ఆడపిల్ల పుట్టింది. తొట్టెల వేసిన రోజు ఈమె కూతురి కొడుకుని ఎత్తుకొచ్చి తొట్టెలలోకి వంచింది. "ఇగో, సూస్కో నీ పెండ్లాన్ని. గట్టిగ సూస్కో, మల్ల నచ్చలేదనకు."

అందరూ నవ్వారు. మేనత్త కొడుకు, మేనమామ కూతురు. మా వైపు ఇంతకన్నా సహజమైన పరాచికం ఉండదు. తొట్టెల తాడు పట్టుకున్న కోడలి చెయ్యి మాత్రం ఆగిపోయింది. ఆమె నావైపు చూసింది.

అందరూ వెళ్లాక ఈమెను మా ఇంటికి పిలిచి కూర్చోబెట్టాను. బోర్డు మీద పిల్లలకు చెప్పినట్టే చెప్పాను. బిడ్డకు సగం తండ్రిది, సగం అండం ఇచ్చిన తల్లిది. తొట్టెలలోని పిల్లకు సగం కోడలిది. నీ మనవడికీ సగం కోడలిదే. వీళ్లిద్దరూ ఒక తల్లి బిడ్డలు. తోబుట్టువులు.

ఆమె పూర్తిగా విన్నది. అంత ఓపికగా నా మాట ఎప్పుడూ వినలేదు.

"ఏ తల్లి?" అన్నది. "వాన్ని తొమ్మిది నెలలు మోసిందెవ్వరు? నొప్పులు తిన్నదెవ్వరు? పాలిచ్చిందెవ్వరు? వానికి తల్లి నా బిడ్డ. నా బిడ్డకు తమ్ముడు నా కొడుకు. తమ్ముని బిడ్డ ఈ పిల్ల. నువ్వే చెప్పు, గిది ఏం వరుస?"

"ఊరికి అది మేనరికం. ఒంటికి కాదు అక్కా."

"ఒంటికి వరుసలుంటయా?"

"ఉంటాయి. అందుకే కదా తోబుట్టువులు చేసుకోకూడదని పెట్టారు."

ఆమె లేచింది. గడప దగ్గర ఆగి, గొంతు పెంచకుండానే అన్నది: "వానికి ఇంకో తల్లి ఉందని నువ్వు ఇంకొక్కసారి అన్నవనుకో, నా బిడ్డ మల్ల గొడ్రాలైతది. అనవు గద టీచరమ్మా?"

అప్పుడు అర్థమైంది. నా లెక్క ఆమెకు తెలియక కాదు. ఆ పెళ్లే ఆమె రుజువు. వాడు మరదల్ని చేసుకున్న రోజున, వాడు తన కూతురి కొడుకేనని ఊరు మొత్తం సాక్ష్యం చెప్పినట్టు. పెళ్లి వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. కాబట్టి పెళ్లి కావాల్సిందే.

పిల్లలు పెరిగారు. మనవడు సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమె వాకిట్లోంచే అరిచేది: "ఏమే, మొగడొచ్చిండు, నీళ్లియ్యి!" పిల్ల నాలుక చాపి లోపలికి పరుగెత్తేది. పదిహేనేళ్లు వచ్చాక నాలుక చాపడం మానేసి, గ్లాసు గడప మీద పెట్టి వెళ్లిపోయేది. వాడు ఆ గ్లాసు తీసుకునేటప్పుడు ఎటు చూసేవాడో మా గోడ మీంచి నాకు కనిపించేది.

కోడలు వాణ్ణి ఎన్నడూ అల్లుడా అనలేదు. బాబూ అనేది. అత్త ఊరుకునేది కాదు.

"అల్లుడా అనరాదే! నోరు అరిగిపోతదా?"

"అలవాటైతలేదు అత్తమ్మా."

"ఇరవై ఏండ్లాయె, ఇంకెప్పుడు అలవాటైతది? నా సావుకా?"

గాజులమ్మే ఆమె ఒకసారి వాణ్ణి చూసి, "ఈ పోరడు నవ్వితె అచ్చం మీ కోడలు నవ్వినట్టే ఉంటదేందమ్మా? మేనత్త పోలిక, మేనమామ పోలిక ఇన్న గని, మేనమామ పెండ్లాం పోలిక ఏడ ఇనలె" అన్నది. ఈమె గాజులు సరిచూసుకుంటూనే, "దాని చేతి అన్నం తిని పెరిగిండు. కుక్క సుత అన్నం పెట్టినోళ్ల లెక్కనే మొరుగుతది" అన్నది. అందరూ నవ్వారు. కోడలు వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

ఆఖరి వారం ఆమెకు మాట తగ్గింది. మంచం చుట్టూ అందరినీ పిలిపించుకుని, మనవడి చెయ్యి మనవరాలి చేతిలో పెట్టింది. "ఏడాది దాటొద్దు" అన్నది. కొడుకు ఏడుస్తూ మాటిచ్చాడు. ఆమె కళ్లు కోడల్ని వెతికాయి. కోడలు వంగి నోట్లో నీళ్లు పోసింది. ఏమీ అనలేదు. అత్త ఆ మౌనాన్ని అలవాటు ప్రకారం ఒప్పుకోలుగానే తీసుకుని కళ్లు మూసింది.

కర్మ అయిన మూడో మధ్యాహ్నం కోడలు మా ఇంటికి వచ్చింది. ఆమె వెనకాలే ఆడబిడ్డ, నా మనసులో ఇంకా ఆ పేరంటంలో పక్కకు జరిగి నిల్చున్న పిల్లే, ఇప్పుడు జుట్టు నెరిసింది.

"టీచరమ్మా, నేను చెప్పేస్త" అన్నది కోడలు.

"ఏం చెప్తవ్ పిల్లా?" ఆడబిడ్డ ఆమె చెయ్యి పట్టుకుంది. "వాడు నీ కొడుకని చెప్తవా? అయితె నేనెవ్వరిని? వాడు నన్నేమని పిల్వాలె?"

"వాడు నీ కొడుకే వదినా. నేనెన్నడన్న అడిగిన్నా? బువ్వ పెట్టిన, బాబూ అన్న. గంతకు మించి ఒక్కటన్న అడిగిన్నా? గని నా బిడ్డను వాని పక్కన ఎట్ల కూసోవెట్టాలె?"

"మేనరికాలు చేసుకున్నోళ్లంత బతుకుతలేరా?"

"మేనరికం గాదు గదా వదినా." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "నీకు ఎరికే. నాకు ఎరికే. అత్తమ్మకు సుత ఎరికే ఉండె."

ఆడబిడ్డ నేల మీద కూలబడి, "ఊరంత నవ్వుతది. మల్ల నన్ను పక్కకు జరుపుతరు" అన్నది. ఇద్దరూ ఏడ్చారు. ఒకరి కొంగుతో ఒకరు ముఖం తుడుచుకున్నారు. ఏ ఒక్కరి మీదా నాకు కోపం రాలేదు. చివరికి ఇద్దరూ ఒక మాటకు వచ్చారు. పిల్లకు మాత్రం చెప్పాలి. వాడికి చెప్పకూడదు. పిల్ల తనకు ఇష్టం లేదని అంటే చాలు, పెళ్లి ఆగుతుంది.

వాడికి ఇరవై రెండేళ్లు, వాడి పుట్టుక వాడిది, వాడికి చెప్పకపోవడం కుదరదని నేనన్నాను. ఇద్దరూ విననట్టే లేచారు.

పిల్లకు తల్లి చెప్పింది. ఆ పిల్ల పెద్దల ముందు నిలబడి, "నాకు బావ వద్దు" అన్నది. ఎందుకని తండ్రి అడిగాడు. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఆమె ఒకసారి తల్లి ముఖం చూసి, "ఉన్నరు" అన్నది. ఎవరూ లేరు. తండ్రి చెంప మీద కొట్టాడు. చచ్చిన తల్లికి మాటిచ్చానని, చదువు చాలని, ఫోను తీసుకుని గదిలో పెట్టాడు. ఆ పిల్ల తప్పుడుపిల్ల అని ఊళ్లో మాట పడింది. ఇద్దరు తల్లులూ ఆ మాట విన్నారు.

పోయిన ఆదివారం పొద్దున మనవడు మా గేటు తీసుకుని వచ్చాడు. హుషారుగా ఉన్నాడు. నన్నూ అమ్మమ్మా అనే పిలుస్తాడు.

"అమ్మమ్మా, అదేం చెప్పినా అబద్ధమే. దానికెవ్వరు లేరు, నేను దోస్తులందర్ని అడిగిన. ఎవ్వరో ఏదో చెప్పి బెదిరిచ్చిండ్రు. మామ ఒప్పుకున్నడు. అది ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా వచ్చే నెల పదిహేనుకు ముహూర్తం. పెండ్లయినంక అదే సమజైతది. నేను మంచిగ సూసుకుంట."

మంచిగానే చూసుకుంటాడు. వాడు మంచి పిల్లవాడు. ఆ పిల్ల తల్లిని అప్పుడు ఎవరూ సరిగ్గా అడగలేదు. ఇప్పుడు కూతుర్నీ అడగడం లేదు. వీణ్ణైతే అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

"బండి తెచ్చావా?" అన్నాను.

"తెచ్చిన. ఏడికి?"

"మీ అమ్మ దగ్గరికి."

నా వయసుకు మోటార్‌సైకిల్ మీద నిజామాబాద్ దాకా కూర్చోవడం తేలిక కాదు. దారి పొడుగునా వాడు పెళ్లి మాటలే చెప్పాడు. ఎడపల్లి దగ్గర ఆపి నాకు చెరుకు రసం తాగిస్తానన్నాడు. వద్దన్నాను. నేను చెప్పకూడదని, వాడి తల్లి నోటితోనే రావాలని మనసులో గట్టిగా అనుకున్నాను. ఆమె చెప్పకపోతే ఏం చేయాలన్నది ఆలోచించలేదు.

వాడి తల్లే తలుపు తీసింది. ముందు కొడుకుని చూసి నవ్వింది. తర్వాత వాడి వెనక నన్ను చూసింది. నేను నోరు విప్పలేదు, గడప కూడా దాటలేదు. ఆమె చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది.

"చెప్పినవా టీచరమ్మా?" అన్నది.

నా కన్నా ముందు వాడు అన్నాడు: "ఏం చెప్పాలెనే అమ్మా?"

ఇన్నేళ్లూ ఆ ఇళ్లల్లో ఎవరిని ఏమడిగినా జవాబు చెప్పే మనిషి వేరే ఉండేది. ఇప్పుడు లేదు. వాడు బండి తాళం చెవి వేలికి తిప్పుతూ, తల్లి ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. తాళం తిరగడం ఆగింది. ఆమె తలుపు వదిలి, లోపలికి రమ్మని పక్కకు జరిగింది.